జారడమూ నేర్పాల్సిందే

మంచు వాలు మీద కూర్చుని జారుతూ దిగడం పర్వతారోహకులకు సరదా కాదు, విద్య. ముందుగా బూట్ల కింది ఇనుప ముళ్ల క్రాంపాన్లు విప్పేయాలి; అవి మంచులో తగులుకుంటే చీలమండ విరగొచ్చు. ఐస్ యాక్స్ అనే మంచు గొడ్డలి పిడి కొసను మంచులో నొక్కుతూ వేగం తగ్గించుకోవాలి. అదుపు తప్పితే బోర్లా తిరిగి, గొడ్డలి మొన దించి ఆగాలి. వాలు ఎక్కడ ముగుస్తుందో కనబడకపోతే జారనేకూడదు.

కదులుతూనే అదుపు తప్పకపోవడమనే ఈ క్రమశిక్షణ కూచిపూడి తరంగంలోనూ ఉంది. ఇత్తడి పళ్లెం అంచులపై నిలిచిన నర్తకి, ఒంటి బరువును పాదాల మధ్య మారుస్తూ, తాళం తప్పకుండా పళ్లాన్ని కదిలిస్తుంది.

మళ్లీ పర్వతారోహణకు వస్తే, 2014లో పదమూడేళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కడం మనకు గర్వకారణం. అయితే ఆ బాట పట్టే పిల్లలకు శిఖరం ఫొటోల కన్నా ముందు, జారుతూ ఆగడం నేర్పాలి. అది వచ్చాకే శిక్షకులు వారిని ఎత్తైన మంచు శిఖరాలకు పంపాలి.