భీష్ముడే శక్తిమాన్!

దూరదర్శన్‌లో 1997లో మొదలైన ‘శక్తిమాన్’ ధారావాహికను మీలో కొందరైనా ఫోనులో చూసే ఉంటారు. గిరగిర తిరుగుతూ గాలిలోకి లేచే ఆ వీరుడు ముఖేష్ ఖన్నా. 1988లో ప్రారంభమైన ‘మహాభారత్’లో తెల్లని గడ్డంతో కనిపించిన భీష్ముడూ ఆయనే. మరి శక్తిమాన్‌కు బద్ధశత్రువైన కిల్విష్ ఎవరనుకున్నారు? సురేంద్ర పాల్. అంటే ద్రోణాచార్యుడు! కురుక్షేత్రంలో ఒకే పక్షాన నిలిచిన తాతా, గురువూ ఇక్కడ ఒకరిపై ఒకరు కత్తి కట్టారన్నమాట.

“సైన్సు కథ చూడమంటే ముఖాలు వెతుకుతావేమిటి?” అని ఇంట్లో విసుక్కుంటారు. ఈ విషయంలో నేను మీ పక్షమే. ఇది పరిశీలనకు మంచి కసరత్తు.

ఎందుకంటే ఇది అనుకున్నంత తేలిక కాదు. రోజూ ఖమ్మం బస్సులో టిక్కెట్టు ఇచ్చే కండక్టరు, ఒకనాడు లుంగీతో భద్రాచలం గోదావరి రేవులో ఎదురైతే “ఎక్కడో చూశానే!” అని తల గోక్కుంటాం. ముఖం గుర్తుంటుంది, చోటు మారేసరికి మనిషి అందడు. జార్జి మాండ్లర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1980లో దీన్నే బస్సులో కనిపించిన మాంసం దుకాణదారు ఉదాహరణతో వివరించాడు.

సింగీతం శ్రీనివాసరావుగారి చిత్రాలు రెండు తీసుకోండి. 1991 నాటి ‘ఆదిత్య 369’లో కాలయంత్రాన్ని తయారుచేసే ప్రొఫెసరు టిన్ను ఆనంద్. 1987 నాటి ‘పుష్పక విమానం’లో మంచుగడ్డ కత్తితో హత్యకు తిరిగే కిరాయి మనిషీ ఆయనే! రెండవదానిలో మాటలే లేవు కనుక గొంతు సాయపడదు. అసలు తెలుగు రాని నటులకు తరచు వేరొకరు గొంతు ఇస్తారు కనుక గొంతును నమ్ముకోకండి. జుట్టు, గడ్డం, మీసం కూడా అంతే. చెవి ఆకారం చూడండి. నడక చూడండి. పారిస్ పోలీసు శాఖలో పనిచేసిన బెర్టిలాన్ పందొమ్మిదో శతాబ్దంలోనే నేరస్థులను గుర్తించడానికి చెవులను శ్రద్ధగా గమనించాడు. మన మన్యంలో కొమ్ము నృత్యం జరిగేటప్పుడు తలపై కొమ్ములు, మెడలో డోలు ఉన్నా, కోయ పిల్లలు అడుగు వేసే తీరునుబట్టి “మా మామే” అని చెప్పగలరు. అడవిలో అమర్చిన కెమెరాల ఫొటోలలో చారలనుబట్టి ఏ పులి ఏదో తేల్చేవారిదీ ఇదే ఆట. కాకపోతే వారికి జీతం ఇస్తారు!

ఒక్కటే షరతు. మీ ఊహను, దానికి కారణాన్ని ముందు కాగితంపై రాసి, ఆ తరువాతే పేర్లు చూడాలి. పేర్లు చూశాక “నాకు ముందే తెలుసు” అనడం చెల్లదు సుమా!

ఈ ఆటను నేను ఇంతగా వెనకేసుకురావడానికి మరో కారణం ఉంది. 1990లో ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’లో మాంత్రికుడుగా భయపెట్టిన అమ్రీష్ పురి, 1995లో ఒక హిందీ చిత్రంలో కూతురి పెళ్ళికి ఆరాటపడే తండ్రి. ముఖం అదే. మారినది రంగు, దుస్తులు, దీపం పెట్టిన చోటు. చీకటి గదిలో టార్చిలైటును గడ్డం కిందనుంచి వేసుకుని అద్దంలో చూసుకోండి. వెలుగు పైనుంచి పడటం మన కంటికి అలవాటు. కిందనుంచి పడితే నీడలు తలకిందులై మీ ముఖమే మీకు భయంకరంగా తోస్తుంది. చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో మనుషులను కొట్టిన, చంపిన సంఘటనలు తెలంగాణ పల్లెల్లో ఎన్నోసార్లు వార్తలకెక్కాయి. “ఆ ముసలమ్మ చూపే మంచిది కాదు” అన్న మాట వినిపించినప్పుడు, చూపులో ఏముందో, దీపం ఎక్కడుందో అడగగలవారు ఆ ఊళ్ళో ఒక్కరైనా ఉండాలి. ఆ ఒక్కరు మీరే ఎందుకు కాకూడదు?

ఈ ఆదివారం ‘ఆదిత్య 369’ దొరికితే చూడండి. అందులో ఒక చురుకైన కుర్రాడున్నాడు. 2000లో వచ్చిన ‘నువ్వే కావాలి’ కథానాయకుడి ఫొటో పక్కన పెట్టి, ముందు చెవులు పోల్చండి.