భాషానిలయం తలుపులు మూతపడకూడదు

శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం కార్యవర్గానికి,
సుల్తాన్ బజార్, హైదరాబాద్.



నూట ఇరవై ఏళ్లు దాటిన సంస్థ మీ చేతుల్లో ఉంది. పాత భవనాల సంగతి వచ్చేసరికి మన నగరం రెండే దారులు పడుతోంది. కూలగొట్టి, కింద షాపులు పైన ఆఫీసులు కట్టి అద్దెలు వసూలు చేసుకోవడం ఒకటి. సున్నం కొట్టించి, శిలాఫలకం పెట్టి, తాళం వేసి, వార్షికోత్సవం నాడు మాత్రం తెరవడం రెండోది. భాషానిలయానికి ఈ రెండు గతుల్లో ఏదీ పట్టకూడదని వేడుకోవడానికే ఈ ఉత్తరం.

1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావుగారి ఇంట్లో ఈ గ్రంథాలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వెంకటరంగారావుగారు దీనికి పూనుకున్నారు. అప్పటికి నిజాం రాజ్యంలో పాలన అంతా ఉర్దూలో. బడుల్లో తెలుగుకు దక్కిన చోటు చాలా తక్కువ. సుల్తాన్ బజారును అప్పట్లో రెసిడెన్సీ బజారు అనేవారు. 1933లో నిజాం చేతికి తిరిగి వచ్చేదాకా ఇది బ్రిటిష్ రెసిడెంటు అజమాయిషీలో ఉండేది. నిజాం ఆంక్షల పట్టు ఇక్కడ కాస్త సడలేది. అందువల్లే తెలుగువాళ్లు నలుగురు కూర్చుని చదువుకోవడానికి, మనసు విప్పి మాట్లాడుకోవడానికి ఇక్కడ వీలు చిక్కింది. ఆ దారిలోనే 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధని గ్రంథాలయం వెలిశాయి.

1921 నవంబరులో ఇక్కడికి దగ్గర్లోనే, వివేకవర్ధిని పాఠశాలలో, సంఘసంస్కర్త మహర్షి కార్వే అధ్యక్షతన సంఘసంస్కరణ సభ జరిగింది. ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావుగారి వంటివారు దాన్ని ముందుకు నడిపారు. ఊరూరా గ్రంథాలయాలు పెట్టించడాన్ని ఆ సంఘం తన ముఖ్యమైన పనుల్లో ఒకటిగా చేసుకుంది. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలన్న ‘గస్తీ నిషాన్ 53’ అమల్లో ఉన్న కాలంలో చాలా ఊళ్లలో జనం కలుసుకోగలిగింది గ్రంథాలయాల్లోనే.

అంటే భాషానిలయం పెట్టింది పుస్తకాలు దాచడానికి మాత్రమే కాదు, మనుషులు కలవడానికి. భవనం గురించి మీరు తీసుకోబోయే నిర్ణయానికి ఇదే కొలబద్ద కావాలి.

ఇప్పుడు ఆ చుట్టుపక్కల పరిస్థితి చూడండి. సాయంత్రం ఆరు గంటలకు సుల్తాన్ బజారులో కాలు పెట్టే సందు ఉండదు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. చీరల షాపు మెట్ల మీద చంటిబిడ్డతో కూలబడిన తల్లిని, ‘అమ్మా, జర పక్కకు జరగండి, గిరాకీ వస్తోంది’ అని కుర్రాడు లేపేస్తాడు. ఆమె లేచి ఎక్కడికి వెళ్తుంది? ఏదో ఒకటి కొనకుండా, పైసా ఖర్చు పెట్టకుండా ఒక అరగంట గౌరవంగా కూర్చునే చోటు ఆ బజారు మొత్తంలో వెతుక్కోవాల్సిందే. మంచినీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి, పిల్లల పుస్తకాలున్న ఒక గది ఉంటే భాషానిలయానికి కొత్త పాఠకులు ఆ గుంపులోంచే వస్తారు.

ఇటు కోచింగ్ సెంటర్లున్న అశోక్ నగర్ సంగతి మీకు తెలియనిది కాదు. గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలు రాయడానికి జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు ఇరుకు గదుల్లో నలుగురైదుగురు సర్దుకుంటారు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ దొరకాలని పొద్దున్నే వచ్చి క్యూ కడతారు. 2020 ఫిబ్రవరి నుంచి చిక్కడపల్లి, నారాయణగూడ, సుల్తాన్ బజార్ ఒకే మెట్రో దారిలో వరుస స్టేషన్లు. చిక్కడపల్లిలో చోటు దొరకని పిల్లవాడు కొద్ది నిమిషాల్లో మీ గుమ్మంలో ఉంటాడు. పరీక్షల పిల్లలు వస్తే మామూలు పాఠకులకు చోటుండదన్న భయం ఉంటే వాళ్లకు ఒక గది, పత్రికలు చదివే పెద్దలకు ఒక గది కేటాయించండి. పెద్దల గది మాత్రం కింది అంతస్తులోనే ఉండాలి. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని మనిషికి పై అంతస్తు గ్రంథాలయం ఉన్నా లేనట్టే.

పాత పత్రికల విషయంలో ఆలస్యం పనికిరాదు. వార్తాపత్రికల కాగితంలో ఉండే ఆమ్లం దాన్ని లోపలినుంచే తినేస్తుంది. ముందు అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి. తర్వాత మడత దగ్గర విరుగుతుంది. ఆపైన పేజీ తిప్పబోతే చేతికి పొడి అంటుకుంటుంది. అలా రాలిన పేజీని ఎంత డబ్బు పోసినా తిరిగి అతికించలేం. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనానికి ఈనాటికీ దూరదేశాల నుంచి పరిశోధకులు వస్తున్నారంటే పాత పత్రికల కోసమే. భవనం మరమ్మతుల కన్నా ముందు స్కానింగు మొదలుపెట్టండి. ఆ ప్రతులు ఎవరైనా ఉచితంగా చదువుకునేలా ఉంచండి.

అద్దెలు రాకపోతే సిబ్బందికి జీతాలు ఎలా ఇవ్వాలని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. చందాల మీద నడిచే సంస్థల కష్టం బయటివాళ్లకు తెలియదు. అయితే ఈ భారం మీ ఒక్కరిదే కాకూడదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్ను కట్టే ప్రతి కుటుంబం ఆ పన్ను మీద 8 శాతం గ్రంథాలయ సెస్సు కూడా కడుతోంది. కేరళలో 1989 చట్టం కింద ఏర్పడిన గ్రంథాలయ మండలి, స్థానిక సభ్యులు ఎన్నుకున్న కమిటీలు నడిపే గ్రంథాలయాలకు స్థాయిని బట్టి ఏటా గ్రాంటు ఇస్తుంది. డబ్బు ప్రభుత్వానిది, పెత్తనం పాఠకులది. తెలంగాణ ప్రభుత్వం కూడా ఆ బాట పట్టాలి. గ్రాంటు పేరుతో సంస్థను స్వాధీనం చేసుకోకూడదు. సంస్థ స్వతంత్రత పేరుతో మీరూ లెక్కలు చూపించకుండా ఉండకూడదు. 2017లో రాష్ట్రం తెచ్చిన వారసత్వ కట్టడాల చట్టం కాగితాల మీద మిగిలిపోకుండా ఇలాంటి చోట్ల అక్కరకు రావాలి.

మీకు నా విన్నపాలు నాలుగు. భవనం బలం ఎంతో అర్హులైన ఇంజినీర్లతో పరీక్ష చేయించి, ఆ నివేదికను నోటీసు బోర్డు మీద పెట్టండి. ఏ నిర్ణయమైనా తీసుకునే ముందు సభ్యులను, పాఠకులను, బజారు వ్యాపారులను, విద్యార్థులను పిలిచి బహిరంగ సభ జరపండి. బజారు సందడిగా ఉండే సాయంత్రం వేళల్లో పఠన మందిరం తెరిచి ఉంచండి. కొత్తగా ఏం కట్టినా, ఎంత భాగం అద్దెకు ఇచ్చినా, ఉచిత పఠన మందిరాన్ని, సభల హాలును ఎవరూ తీసేయలేని విధంగా నిబంధనావళిలో రాయించండి.

ఈ లేఖ చదివే నగరవాసులకూ ఒక మాట. సంస్థ మూతపడ్డాక సంతాప వ్యాసాలు రాయడం తేలిక. ఈ నెలలోనే వెళ్లి సభ్యత్వం తీసుకోండి. పిల్లలను వెంటబెట్టుకు వెళ్లండి. పాఠకులతో నిండిన గదిని షాపుగా మార్చే ధైర్యం ఎవరికీ ఉండదు.

ఇట్లు,
చిక్కడపల్లి నుంచి ఒక పాఠకుడు