మిసో వంకాయా, అందులో దాక్కున్న చేపా

జపాను వంట అనగానే మనవాళ్ళు ముక్కు మూసుకుంటారు. పచ్చి చేప తప్ప అక్కడ ఇంకేం తినరని ఓ స్థిరాభిప్రాయం. నిజానికి అక్కడి బౌద్ధ ఆశ్రమాల్లో శోజిన్ ర్యోరి అని, చేపా మాంసమే కాదు, ఉల్లీ వెల్లుల్లీ కూడా ముట్టని వంట వందల ఏళ్ళుగా నడుస్తోంది. మన మడి వంటకి మరీ అంత దూరమేం కాదు.

ఇక వంకాయ సంగతంటారా, కొత్త సంవత్సరం తొలి కలలో ఫ్యూజీ కొండ, డేగ, వంకాయ కనబడితే మహా అదృష్టమట వాళ్ళకి. "శరత్కాలపు వంకాయ కోడలికి పెట్టకు" అని సామెత కూడా ఉంది. అంత రుచి కోడలికెందుకనే అత్తగారి బుద్ధి అని కొందరు, కాదు, వంకాయ ఒంటికి చలవ చేస్తుంది కాబట్టి కోడలి మంచికేనని కొందరు అర్థం చెప్తారు. రెండోది చెప్పింది కచ్చితంగా ఏ అత్తగారో అయ్యుంటుంది :)

నేను అప్పుడప్పుడు ఆదివారాలు చేసే వంకాయకి ఓ జపాను పేరుంది గానీ, తెలుగు లిపిలో రాస్తే ఇంట్లోవాళ్ళ ముందు చదవలేరు. మిసో వంకాయ అందాం. పొడుగు వంకాయల్ని నిలువునా రెండు చెక్కలు చేసి, లోపలి వైపు అడ్డంగా నిలువుగా గాట్లు పెట్టి, నూనె రాసి, పెనం మీద బోర్లించి, మూతపెట్టి మెత్తగా మగ్గించాలి. రెండు చెంచాల మిసో, చెంచా పంచదార, రెండు చెంచాల మిరిన్ (దొరక్కపోతే నీళ్ళు, ఇంకో అరచెంచా పంచదార) సన్నటి సెగ మీద చిక్కబరిచి ఆ గాట్ల మీద పూసి, ఓవెన్లో పైసెగ కింద మూడు నాలుగు నిమిషాలు. పైన వేయించిన నువ్వులు. అంతే. మిసోలోనే బోలెడు ఉప్పుంటుంది కాబట్టి మళ్ళీ వెయ్యక్కర్లేదు. గరం మసాలా దగ్గరికి చెయ్యి పోతుంది, ఆపుకోండి. అది వేస్తే ఇంత ఖరీదైన మిసో ఎందుకు కొన్నట్టు?

అసలు గొడవ వేరే. మిసో అంటే సోయా గింజలు, ఉప్పు, బియ్యం మీదో బార్లీ మీదో పెంచిన కోజి అనే బూజు, అన్నీ కలిపి పులియబెట్టిన ముద్ద. శుద్ధ శాకాహారమే. కానీ కొన్ని రకాల్లో ముందే 'డాషి' కలిపేస్తారు. డాషి చాలావరకు ఎండబెట్టిన చేపతో కాచిన రసం. ఓ హోటల్లో మిసో సూప్ గురించి అడిగితే "ప్యూర్ వెజ్ సార్" అన్నాడు. ముక్కలు కనబడకపోతే వెజ్ అని అతని లెక్క!

మా అమ్మ చేప వాసన తగిలితే భోజనం దగ్గర్నుంచి లేచిపోతుంది. "తెలీకుండా పెట్టెయ్, ఏం కాదులే" అని సలహా ఇచ్చిన స్నేహితులున్నారు. ఏం కాకపోవచ్చు. కానీ నా చేతి వంట మా అమ్మ అడక్కుండా తింటుంది. ఆ నమ్మకం మీద ప్రయోగాలేంటండీ? పైగా చేప లేకపోతే రుచి రాదనేది అబద్ధం. టోక్యోలో ఇకెదా అనే రసాయన శాస్త్రవేత్త 1908లో 'ఉమామి' రుచికి మూలమైన గ్లుటామేట్‌ని పట్టుకున్నది కొంబు అనే సముద్రపు నాచు రసంలోనే. చేపలో కాదు.

అందుకని ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూడండి, ఆపైన జాబితాలో డాషి, బొనీటో, కత్సువో అనే మాటల కోసం వెతకండి. అలా వెతికి కొన్న మిసోతోనే చేశాను. అమ్మ ఒక చెక్క తిని, వాసన బావుంది గానీ మరీ తియ్యగా ఉంది, పక్కన ఆవకాయ పడాలంది. జాడీ తెచ్చిచ్చాను.