'లారైబ్' అంటే ఏమిటి?

ఆడబిడ్డ పుట్టిన ఇంట్లో ఈ మధ్య తరచుగా వినిపిస్తున్న పేరు లారైబ్. పాతికేళ్ళ క్రితం మా హాజరుపట్టీలో ఈ పేరు ఒక్కటి కూడా ఉండేది కాదు. ఇప్పుడు ఒకే చాప మీద ఇద్దరు కూర్చుంటున్నారు. పెద్ద లారైబ్, చిన్న లారైబ్ అని పిలుస్తున్నాం. ఎవరికీ లేని పేరు కావాలని ఫోనులో వెతికిన తల్లిదండ్రులందరూ చివరికి ఒకే పేరు దగ్గర కలుసుకున్నారన్నమాట!

ఇంతకూ ఈ పేరు ఎక్కడిది? దివ్య ఖుర్ఆన్‌లోని సూరె బఖర రెండవ ఆయత్‌లో, ఈ గ్రంథంలో సందేహం లేదని అల్లాహ్ సెలవిచ్చాడు. 'లా' అంటే లేదు. 'రైబ్' అంటే సందేహం. ఆ మాట గ్రంథాన్ని గురించినది. వాక్యం మధ్యలోంచి రెండు ముక్కలు తీసి పసిపాపకు పెడుతున్నాం. అర్థం చెడ్డది కాదు, నిజమే. కానీ ఇంట్లో ముద్దుగా 'రైబ్', 'రైబూ' అని కుదిస్తున్నారే, అప్పుడు మిగిలేది ఒట్టి సందేహమే కదా!

"ఖుర్ఆన్‌లో ఉంది కదా, మౌల్వీ సాబ్" అంటారు. ఖుర్ఆన్‌లో ఫిరౌన్ ఉన్నాడు, ఖారూన్ ఉన్నాడు, అబూలహబ్ కూడా ఉన్నాడు. ఒక మాట ఆ గ్రంథంలో ఉన్నంత మాత్రాన అది పేరైపోదు. మర్యమ్ ఉంది. ఖుర్ఆన్ పేరుతో ప్రస్తావించిన ఏకైక స్త్రీ ఆమె. ఆమె పేరుతో ఒక సూరా కూడా ఉంది. ఆ పేరు చెబితే మాత్రం "అందరికీ ఉందండీ" అని పెదవి విరుస్తారు.

మన తెలుగు లిపితో మరో చిక్కు ఉంది. అరబీలో ఐన్‌కు, అలిఫ్‌కు తేడా ఉంది. సీన్ వేరు, స్వాద్ వేరు. తెలుగులో ఈ తేడాలు కనబడవు. ఆసియా అన్న పేరే చూడండి. ఒక విధంగా రాస్తే అది ఫిరౌన్ భార్య అయిన పుణ్యవతి పేరు. ఐన్, స్వాద్‌లతో రాస్తే అవిధేయురాలు అని అర్థం. హజ్రత్ ఉమర్ (రజి) కుమార్తెకు ఈ రెండో పేరే ఉంటే దైవప్రవక్త (స) దాన్ని మార్చి జమీలా అని పెట్టారు. తెలుగు అక్షరాల్లో చదివి పేరు ఎంచుకునేవారు అరబీలో దాన్ని ఎలా రాస్తారో తెలిసినవారిని అడగడం అవసరం.

అసలు మమ్మల్ని బాధిస్తున్నది వేరే విషయం. మన పల్లెల్లో నానీల పేర్లు హుస్సేన్‌బీ, మస్తాన్‌బీ, సైదమ్మ. ఆ పేర్లు చెప్పుకోవడానికి చదువుకున్న మనవరాళ్ళు సిగ్గుపడుతున్నారు. దర్గా పేరు మీద పేరు పెట్టడం సరికాదని ఉలమా చెబితే అది వేరే చర్చ. ఇక్కడి సిగ్గుకు కారణం దీన్ కాదు, పల్లెటూరి వాసన. ఫాతిమా, ఖదీజా కూడా పాతబడిపోయాయట! కొత్తదనం కోసం ఇంత ఆరాటం ఎందుకో మాకు అర్థం కాదు.

పేరు కోసం కంగారు పడనక్కరలేదు. ఏడవ రోజు అఖీఖా నాటికి పెడితే మంచిది. ప్రభుత్వ రికార్డు మాటకొస్తే, జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. పేరు అప్పటికి కుదరకపోయినా 12 నెలల లోపు రుసుము లేకుండా చేర్చుకోవచ్చు. ఇంగ్లీషు స్పెల్లింగు మాత్రం మొదటే ఖాయం చేసుకోవాలి. జనన ధృవపత్రంలో ఒకటి, ఆధార్‌లో ఒకటి, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంకొకటి పడితే తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది ఆ అమ్మాయే.

ఇప్పటికే లారైబ్ అని పెట్టినవారు ఈ పేరు మార్చవలసిన పని లేదు. పిల్లను పూర్తి పేరుతో పిలవండి. చదవడం వచ్చాక బఖర సూరా తెరిచి, ఆ రెండు మాటల మీద ఆమె వేలు పెట్టించి, ముందూ వెనకా ఉన్నది కూడా చదివించండి.