గృహోపకరణ విచారము: వైర్‌లెస్ హబ్బు కొనదగునా?



అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతములందు కాపురముండు మనవంటి కుటుంబములలో కంప్యూటరు లేని యిల్లు నేడు అరుదు. మైత్రీవనము చుట్టుపట్టుల నున్న శిక్షణాలయములకై జిల్లాలనుండి వచ్చు బాలబాలికలలో కొందరు హాస్టళ్లలోను, కొందరు బంధువుల యిండ్లలోను నుండి చదువుకొనుచున్నారు. అందుచేత నొక చిన్న బల్లపై కీబోర్డు, మౌసు, ప్రింటరు, హార్డుడిస్కు చేరి, వాని తీగలన్నియు మఱ్ఱియూడలవలె నేలకు వ్రేలాడుచుండును. ఊడ్చుటకు వీలుండదు, ముసలివారి కాలికి తగులును, ప్రాకు బిడ్డ పట్టి లాగును. “తీగలు లేని హబ్బు కొన్నచో నీ చిక్కు తీరును గదా” యని పిల్లలనుట సహజమే. ఆ మాట యెంతవరకు నిజమో యింటిపద్దు చేతబట్టుకొని విచారింతము.

హబ్బనగా కంప్యూటరునందలి యొక యూఎస్‌బీ రంధ్రమును మూడు నాలుగుగా జేయు పెట్టె. యూఎస్‌బీ పద్ధతి 1996లో వెలువడినది. దానిని రూపొందించినవారిలో ముఖ్యుడు బరోడాలో చదివిన అజయ్ భట్టు. అంతకుముందు ఒక్కొక్క వస్తువున కొక్కొక్క తీరు రంధ్రముండెడిది.

తరువాత తీగను గూడ తొలగింపవలెనను కోరిక పుట్టి, 2005 మే నెలలో వైర్‌లెస్ యూఎస్‌బీ నిబంధనలు ప్రకటింపబడెను. మూడు మీటర్లలోపల సెకనుకు 480 మెగాబిట్లు, పది మీటర్ల దూరమున 110 మెగాబిట్లు పంపవలెనని వారి సంకల్పము. హబ్బులు బజారునకు వచ్చెను గాని వెల యెక్కువ, వేగము చెప్పినంత లేదు. ఆ విద్యకు మూలమైన వైమీడియా సంఘము 2009లో తన పనిని ఇతర సంఘముల కప్పగించి విరమించుకొనెను. అట్టి హబ్బు కొన్నవారికి క్రొత్త కంప్యూటరు వచ్చినపుడు దానికి దగిన సాఫ్ట్‌వేరు దొరకుట దుర్లభమై, పెట్టె యటకెక్కినది. నేడా పేరున నమ్మునవి చాలవరకు వైఫై ద్వారా యూఎస్‌బీ వస్తువులను పంచుకొనుటకు జేసినవి. వానికిని ప్రతి కంప్యూటరులోను ప్రత్యేక సాఫ్ట్‌వేరు నెక్కింపవలసి యుండును.

ఇక ముఖ్యవిషయము. తీగ చేయు పనులు రెండు: సమాచారమును మోయుట, విద్యుత్తును మోయుట. వైర్‌లెస్ హబ్బు మొదటి పనిని మాత్రమే గాలికప్పగించును. రెండవదానికై హబ్బునకు వేరొక అడాప్టరు గోడకు దగిలింపవలెను. ప్రింటరు ప్లగ్గు ప్రింటరునకుండనే యున్నది. హార్డుడిస్కు తీగ హబ్బువరకు రాకతప్పదు. అనగా కంప్యూటరునకును హబ్బునకును నడుమనున్న యొక్క తీగ పోవును. గోడనుండి యింకొకటి వచ్చును. బిడ్డ లాగెడు తీగల లెక్క తగ్గలేదు.

మన ప్రాంతమునకు వేరొక చిక్కు గలదు. వైఫై, బ్లూటూత్, వైర్‌లెస్ మౌసు మొదలైనవి పెక్కు 2.4 గిగాహెర్ట్జు తరంగములపై నడచును. వంటింటి మైక్రోవేవు పొయ్యి సందడియు నచ్చటనే. అంతస్తు కొక హాస్టలు, గది కొక రౌటరు గల యమీర్‌పేట సందులలో నా మార్గము సంతవలె క్రిక్కిరిసియుండును. తీగలో పోవు సమాచారమున కట్టి యొత్తిడి లేదు.

మా వీధిలోని యొక గృహిణికి నొకే నెలలో రెండు కోరికలు వచ్చినవి: కుమారునికి వైర్‌లెస్ హబ్బు, కుమార్తెకు శిక్షణాలయపు రుసుము. అబ్బాయి కోరిక ముందు తీరెను. అమ్మాయి “వచ్చే బ్యాచి” కని యాగినది. హబ్బు నేడు బల్లక్రింద నున్నది. ఆగిన బాలిక సమయమును మాత్ర మే యంగడియు తిరిగి యీయజాలదు. ఇట్టి వెచ్చములలో మొదట వెనుకకు జరుగునది తరచుగా నాడుపిల్ల వంతే యగుచుండుట మనము గమనింపవలెను.

అయిన తీగలచిక్కునకు మార్గము లేదా? కలదు. మౌసు, కీబోర్డు వైర్‌లెస్‌వి కొనుడు. ఒకే చిన్న రిసీవరుతో రెండును నడచునవి స్వల్పవెలకే దొరకును. ఆ రిసీవరును నీలపు యూఎస్‌బీ 3 రంధ్రము ప్రక్కనే గ్రుచ్చినచో నొక్కొక్కప్పుడు మౌసు తడబడును. చిన్న పొడిగింపుతీగతో దూరము చేసిన కుదుటపడును. ప్రింటరు క్రొత్తగా కొనవలసివచ్చినచో వైఫై గలదానిని కొనుడు. అది యే గదిలోనున్నను పనిచేయును. హబ్బుతో నిమిత్తము లేదు.

హార్డుడిస్కునకు మాత్రము తీగయే మేలు. యూఎస్‌బీ 2 రంధ్ర మిచ్చునది 500 మిల్లీయాంపియర్లు, అనగా రెండున్నర వాట్లు. అడాప్టరు లేని చౌక హబ్బు దానినే నలుగురికి పంచును. అన్నము చాలని పంక్తివలె నొకరు పస్తుండక తప్పదు. వ్రాయుచుండగా డిస్కు ఆగినచో నందలి చదువు, ఛాయాచిత్రములు చెడవచ్చును. కావున నడాప్టరుగల తీగహబ్బు కొని, దానిని బల్ల యడుగుభాగమున మరలతో బిగించి, తీగలను గుడ్డపట్టీలతో చుట్టగట్టుడు. నేల శుభ్రపడును, బిడ్డకు భయము తగ్గును.

గదినుండి గదికి తీగ యీడ్చుటకు వీలులేని యద్దెయింటివారికి, పాత యూఎస్‌బీ ప్రింటరు నలుగురు వాడుకొను చోటను వైర్‌లెస్ పరికరము కొంత యుపయోగించును. అప్పుడైనను మన కంప్యూటరునకు దగునా, సాఫ్ట్‌వే రెన్నాళ్లిత్తురు, నచ్చకున్న మరల దీసికొందురా యను మూడు ప్రశ్నల కంగడివాని యుత్తరము బిల్లుపై వ్రాయించుకొనుడు. వ్రాయుటకు వెనుదీసినచో సంచి మడిచికొని వచ్చుటయే లాభము.