ఇంట్లో వైద్యం: తగ్గాక కూడా మందెందుకు?



మిరపకాయల కాలంలో మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో దగ్గని ఇల్లుండదు. కల్లాల్లో ఆరబోసిన కాయల ఘాటు అలాంటిది! అందుకే ఒక ఇంట్లో నాయనమ్మ దగ్గుతూంటే అందరూ కాయల ఘాటే అనుకున్నారు. రెండు వారాలు దాటింది, దగ్గు తగ్గలేదు. సాయంత్రమైతే జ్వరం. మనిషి చిక్కిపోయింది. కళ్ళె పరీక్ష చేయిస్తే, క్షయ అని తేలింది.

సర్కారు ఆసుపత్రిలో మందులు ఉచితంగా ఇచ్చారు. మామూలుగా ఆరు నెలలు వాడాలి. రెండు నెలలకే దగ్గు పోయి, అన్నం సహించింది. నాయనమ్మ కోతలకు పోతానని లేచింది.

"జబ్బు పోయింది గదరా, ఇంకా ఈ బిళ్ళలెందుకు?" అని మనవణ్ణి అడిగింది. వాడు వెళ్ళి తాతయ్యనడిగాడు. తాతయ్య పత్తిచేను సంగతి చెప్పాడు.

1987లో మన జిల్లాల పత్తికి శనగపచ్చ పురుగు పట్టింది. కొత్తలో బాగా పనిచేసిన పైరిత్రాయిడ్ మందులు ఎన్నిసార్లు కొట్టినా చావలేదు. ఎందుకంటే, అవే మందులు మళ్ళీ మళ్ళీ కొట్టగా తట్టుకోలేని పురుగులు చచ్చాయి. తట్టుకున్న మొండివి మిగిలి గుడ్లు పెట్టాయి. ఎన్నో కుటుంబాలు అప్పులపాలయ్యాయి.

క్షయ క్రిములదీ ఇదే తీరు. చేలో మందు ఎక్కువై చెడింది, ఒంట్లో మధ్యలో మానితే చెడుతుంది. మిగిలేవి మాత్రం రెండుచోట్లా మొండిఘటాలే! ఒక్క మందైతే తప్పించుకుంటాయని, నాలుగు రకాలు కలిపి మొదలుపెడతారు. దగ్గు తగ్గాక కూడా కొన్ని క్రిములు నిద్రపోతున్నట్టు దాగి ఉంటాయి. మిగతా నెలలు వాటికోసమే.

పూర్వం క్షయరోగులను మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం వంటి చోట్ల నెలల తరబడి ఉంచేవారు. 1956లో మద్రాసులో డాక్టర్లు కొందరు రోగులను ఆసుపత్రిలోను, కొందరిని ఇళ్ళలోను ఉంచి, ఏడాదిపాటు ఒకే మందులిచ్చి చూశారు. ఇంటిదగ్గర వాడినవాళ్ళకూ దాదాపు అంత బాగానూ నయమైందని 1959లో ప్రకటించారు. ఐతే ఊరికే నమ్మి కూర్చోలేదు సుమా! చెప్పకుండా ఇంటికి వెళ్ళి బిళ్ళలు లెక్కపెట్టేవారు.

ఆ లెక్క మీరూ చూడవచ్చు. క్యాలెండరు మీద రోజుకొక గీత పెట్టండి. బిళ్ళలు మింగాకే, ముందు కాదు. ఒకరోజు మరిచిపోతే మర్నాడు రెండురోజులవీ కలిపి మింగకూడదు. ఆశా కార్యకర్తకు చెప్పాలి. మూత్రం నారింజరంగులో వస్తే హడలిపోకండి, అది రిఫాంపిసిన్ అనే మందు రంగు. కళ్ళు పచ్చబడినా, చూపు మసకేసినా, వాంతులు ఆగకపోయినా మాత్రం వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఇంకో సంగతి. మన ఇళ్ళలో పురుగుమందూ "మందే", జబ్బుకు వేసుకునేదీ "మందే"! రెండూ ఒక గూట్లో పెట్టనివ్వకండి. చదువురాని పెద్దవాళ్ళు బిళ్ళలు తీస్తూంటే, దీపం వెలుగులో పేరు చదివి చెప్పండి.

మనవడు తాతయ్య మాటలన్నీ నాయనమ్మకు చెప్పాడు. ఆవిడ కాసేపు ఆలోచించి, "చెంబుతో నీళ్ళు పట్టుకురా. ఇవాళ్టి గీత నేనే పెడతాను," అంది.