మెట్లదారి ఊసే లేదేం?

సంపాదకులకు,

పాత వ్యాపార సముదాయాల్లో ఉమ్మడి స్థలాలను కొత్తగా తీర్చిదిద్దాలంటూ మీరు గత సంచికలో వేసిన వ్యాసం చదివాను. కింది హాలు, లిఫ్టు ముందు జాగా కళగా ఉంటే అద్దెకు వచ్చేవాళ్లు పెరుగుతారన్న మాట నిజమే. కానీ వ్యాసమంతా పాలరాయి, ఫాల్స్ సీలింగ్, దీపాల చుట్టూనే తిరిగింది. మెట్లదారి మాటే లేకపోవడం నన్ను బాధపెట్టింది.

2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు రేగి ఆరుగురు చనిపోయారు. అందరూ బతుకుతెరువు కోసం నగరానికి వచ్చిన యువతీయువకులు. వాళ్లను బలిగొన్నది పొగ. పదుల కొద్దీ ఆఫీసులున్న భవనాల్లో మెట్ల మలుపు చూడండి: ఒకరి ఫైళ్ల అట్టపెట్టెలు, ఇంకొకరి విరిగిన కుర్చీలు. గాలి ఆడటం లేదని ఫైర్ డోర్‌కు రాయి అడ్డుపెట్టి తెరిచి ఉంచుతారు. పొగ మెట్లలోకి ఎక్కకుండా ఆపాల్సింది ఆ తలుపే! ఇవి వదిలేసి, పైకప్పుకు ప్లైవుడ్, థర్మోకోల్ బిగిస్తే మండే సరుకును మనమే పేర్చినట్టు.

ర్యాంపు మాటా అంతే. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలి. చాలాచోట్ల చక్రాల కుర్చీ ఎక్కలేనంత నిటారుగా కడుతున్నారు. వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చినా ఇదీ పరిస్థితి.

నెలనెలా మెయింటెనెన్స్ కట్టేది అద్దెదారులు. ప్లాను గీసేముందు వాళ్లనూ, వాచ్‌మన్‌నూ, ఊడ్చే ఆడవాళ్లనూ కూర్చోబెట్టి అడగమని యజమానుల సంఘాలకు నా విన్నపం. అత్యవసర ద్వారం బోర్డు తెలుగులోనూ పెట్టించండి.

– ఒక పాఠకుడు, సికింద్రాబాద్